బస్సు పిన్ని అల్లిన టోపీలు

ఆ బస్సులో అందరికీ ఆమె పిన్నే. నిజానికి అలా పిలిచే వరస ఒక్క పిల్లకే ఉంది. ఆ పిల్ల డ్రైవరు కూతురు. డ్రైవరు ఆమెకు బావ, సొంత అక్క మొగుడు. ఎనిమిదో తరగతి చదివే అక్క కూతురు రోజూ బస్సెక్కుతూ "పిన్నీ, బ్యాగు అందుకో" అనడం విని మిగతా పిల్లలూ అదే పట్టుకున్నారు. పాలపళ్ళ బుడతల దగ్గర్నుంచి మీసాలు మొలుస్తున్న పదో తరగతి వాళ్ళ దాకా అందరూ పిన్నీ అనే పిలుస్తారు. చివరికి స్కూలు గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా, ఆమె కన్నా పదేళ్ళు పెద్దవాడు, "పిన్నీ, బండి కాస్త ముందుకు తీయమను" అంటాడు.

పిల్లల్ని ఎక్కించడం, దించడం, రోడ్డు దాటించడం, వాంతి చేసుకుంటే కడగడం, నిద్రపోయినవాళ్ళని వాళ్ళ స్టాపు రాకముందే లేపడం, ఇదీ ఆమె పని. అంతకుముందు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. మెడ పట్టేసి మానేసింది. భర్త పోయాక అక్క ఇంటి మేడమీద గదిలో ఉంటోంది. గది అక్క ఇచ్చింది, ఉద్యోగం బావ ఇప్పించాడు. మాటవరసకు అద్దె సంగతి ఎత్తితే అక్క "నోర్ముయ్యవే" అంటుంది. ఆ తిట్టు నీడలోనే ఇన్నేళ్ళూ బతుకు గడిచింది. పొద్దున చీకటి విడకముందే లేవడం, సాయంత్రం మెట్లెక్కేసరికి మోకాళ్ళు మొరాయించడం. అలసటకు ఆమె ఎంత అలవాటు పడిందంటే, ఒంట్లో నొప్పి లేని రోజు ఏదో మర్చిపోయినట్టుండేది.

టోపీల సంగతి స్కూల్లో కౌన్సెలర్ మేడం మొదలుపెట్టింది. ఆ ఏడు పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకోవడం మరీ ఎక్కువైంది. ఒక కుర్రాడు బడే మానేశాడు. ఒకమ్మాయి బాత్రూంలో తలుపేసుకుని బడి వదిలేదాకా బయటికి రాలేదు. అందుకని చలికాలంలో ఒక వారం పెట్టుకుని, పిల్లలందరికీ చేత్తో అల్లిన ఊలు టోపీలు పంచాలని ఆవిడ ఆలోచన. కొన్నవి పనికిరావు. ఎవరో ఒకరు కూర్చుని మనకోసం అల్లారని పిల్లలకు తెలియాలట. ప్రతి టోపీ లోపలా ఒక గుడ్డ పేలిక కుట్టి దానిమీద "నా పక్కన చోటుంది" అని రాయాలి. టోపీ పెట్టుకున్నవాళ్ళు ఒంటరిగా ఉన్న పిల్లల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి.

తల్లిదండ్రుల మీటింగులో ఈ మాట వినగానే అక్క లేచి నిలబడి, "మా బస్సు పిల్లలందరి టోపీలూ మేమే అల్లుతాం" అని చెప్పొచ్చింది. మేము అంటే ఎవరో పిన్నికి ఆ సాయంత్రం తెలిసింది.

"నీ చెయ్యి అల్లికలో తిరిగిన చెయ్యి కదే. నేనూ కూర్చుంటాలే పక్కన," అంది అక్క. "పైగా ఆ రోజు స్టేజి మీద స్పీచ్ ఎవరిదనుకున్నావ్? మన చిలకది."

చిలక అంటే అక్క కూతురే. మాటలు రావడం మొదలైన రోజు నుంచీ ఆగింది లేదు కాబట్టి ఇంట్లో ఆ పేరు ఖాయమైంది. వక్తృత్వంలో కప్పులు, క్లాసులో లీడరు. అక్కకు ఆ పిల్ల నోరు తెరిస్తే చాలు, కడుపు నిండిపోతుంది.

బావ షూ విప్పుకుంటూ అన్నాడు, "ఇంతకాలం ఒక్కడికి కూడా టోపీ పెట్టకుండా బతికానని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు ఇంటిల్లిపాదీ అదే పనిలో దిగారు."

"నీకూ ఒకటి అల్లుతాలే బావా," అంది పిన్ని.

"నాకెందుకే మరదలా? పెళ్ళప్పుడే మీ నాన్న పెట్టాడుగా."

అక్క ఊలు ఉండ తీసి అతని మీదకు విసిరింది. ఆ సాయంత్రం అందరూ నవ్వుకున్నారు.

తరువాత నవ్వడానికి తీరిక దొరకలేదు. పిల్లల్ని దించేశాక బస్సు షెడ్డులో ఆగి ఉన్నంతసేపూ పిన్ని ముందు సీట్లో కూర్చుని అల్లేది. చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి. మణికట్టులో సన్నటి నొప్పి మొదలై మోచేతి దాకా పాకింది. సాయంత్రం ఇంటికొచ్చాక ముందుగదిలో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. అక్క చేతులకన్నా నోరు ఎక్కువ ఆడించేది. అప్పుడప్పుడూ కుట్లు జారిపోతే "నువ్వే సర్దవే" అని చెల్లెలి ఒళ్ళో పడేసేది. అయినా ఆ గంటలు పిన్నికి బాగానే ఉండేవి. పక్క గదిలో చిలక స్పీచ్ బట్టీపడుతూ ఉండేది. "కత్తిగాయం మానుతుంది, మాటగాయం మానదు." ఆ వాక్యం దగ్గర గొంతు కొంచెం వణికించాలని అక్కే నేర్పింది.

ఆ బస్సులో ఆరో తరగతి పిల్ల ఒకతి ఉంది. ఆ ఏడే చేరింది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆ పిల్లకు నత్తి. మాట మొదట్లోనే అడ్డం పడిపోతుంది. గొంతులో ఏదో తలుపు బిగుసుకున్నట్టు కాసేపు పెనుగులాడి, చివరికి మాట బయటపడుతుంది. వెనక సీటు పిల్లలు ఆమెకు "బ్రేకులు" అని పేరు పెట్టారు. ఆమె ఎక్కగానే ఎవరో ఒకరు "కీచ్" మని బ్రేకు చప్పుడు చేస్తారు. అందుకని ఆమె ఎప్పుడూ ముందు సీట్లో, పిన్ని పక్కనే కూర్చునేది. పిన్ని అల్లుతుంటే ఊలు ఉండ ఒళ్ళో పెట్టుకుని, దారం చిక్కుపడకుండా వదులుతూ ఉండేది. ఇద్దరి మధ్యా మాటల అవసరం పెద్దగా ఉండేది కాదు.

ఆ బ్రేకు చప్పుడు ఎవరు చేస్తారో పిన్నికి తెలుసు. వెనక్కి తిరిగి "ఉష్, చాలించండి" అనేది. అందరినీ కలిపి అనేది. ఒక్కదాన్ని పేరుపెట్టి ఎప్పుడూ అనలేదు.

టోపీలన్నీ పూర్తయ్యేదాకా ఆగకుండా, అయినవాటిని ముందుగా బస్సు పిల్లలకే ఇచ్చి చూడమంది కౌన్సెలర్ మేడం. ఆ పొద్దున పిన్ని సంచీ విప్పి ఉన్నంతవరకూ ఒక్కొక్కరికీ పంచింది. బస్సంతా రంగులతో నిండిపోయింది. చిన్నవాళ్ళు మురిసిపోయారు. ముందు సీటు పిల్ల ఎర్ర టోపీ పెట్టుకుని, కిటికీ అద్దంలో చూసుకుని, మొదటిసారి తనంతట తానే లేచి వెనక్కి వెళ్ళింది. టోపీ లోపల ఏం రాసి ఉందో చదివింది కదా, నమ్మింది.

పిన్ని ఒక స్టాపులో పిల్లల్ని రోడ్డు దాటించి తిరిగొచ్చేసరికి వెనక నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. సీట్లు పట్టుకుంటూ అక్కడికి వెళ్ళింది. ఎర్ర టోపీ ఆ పిల్ల గడ్డం దాకా కిందికి లాగి ఉంది. దాన్ని మెడ దగ్గర ఒక చెయ్యి బిగించి పట్టుకుంది.

"నీ పేరు చెప్పు. ఆగకుండా ఒక్కసారి చెప్పావంటే వదిలేస్తాం."

"మ్... మ్..." అంటోంది టోపీ లోపలి గొంతు. చుట్టూ నలుగురైదుగురు "కీచ్, కీచ్" అంటున్నారు.

పట్టుకున్న చెయ్యి చిలకది.

పిన్ని ఆ చేతిని తీసేసింది. టోపీ పైకి లాగింది. ఆ పిల్ల బుగ్గల మీద అల్లిక గీతలు అచ్చు పడ్డాయి. కళ్ళు మూసుకునే ఉంది. తెరిస్తే ఇంకా ఎవరెవరు కనిపిస్తారోనన్న భయం. పిన్ని ఆమెను పొదివి పట్టుకుని ముందుకు తీసుకొచ్చి కూర్చోబెట్టింది. చిలకతో ఒక్క మాట అనలేదు. చేతిలో టోపీ లోపలి వైపు తడిగా ఉంది.

సాయంత్రం మేడమెట్ల దగ్గర చిలకను ఆపింది.

"ఏంటే అది పొద్దున?"

"ఊరికే ఆడుకున్నాం పిన్నీ. అదీ నవ్వింది."

"అది నవ్వలేదు. టోపీలో ఏడ్చింది. ఊలంతా తడిసిపోయింది."

చిలక మొహం తిప్పుకుంది. "నేనొక్కదాన్నేనా? అందరూ చేస్తారు."

"అందరి సంగతీ నాకు తెలీదు. నువ్వు నా ఒళ్ళో పెరిగిన దానివి."

"అమ్మకి చెప్తావా?"

"నువ్వే చెప్పు. అది నీ నోటి నుంచి వస్తేనే బాగుంటుంది."

చిలక చెప్పింది, తనకు కావలసినట్టు. అక్క మేడెక్కి రావడమే విసురుగా వచ్చింది.

"దాన్ని బస్సులో అందరి ముందూ నిలదీశావట?"

"బస్సులో అసలు మాట్లాడనే లేదక్కా. జరిగిందేంటో విను ముందు."

పిన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. అక్క వింటూనే తల అడ్డంగా ఊపుతూ ఉంది. "పిల్లలన్నాక సవాలక్ష ఉంటాయి. ఆటని నువ్వు అఘాయిత్యం చేస్తున్నావ్. స్టేజి మీద స్పీచ్ ఇవ్వబోయే పిల్ల గురించి ఈ మాట బయటికి పోతే ఇంకేమన్నా ఉందా?"

"బయటికెందుకు, ఇంట్లోనే అడుగు దాన్ని."

"నీకు పిల్లలుంటే తెలిసేది," అంది అక్క.

అనేశాక ఆమెకే ఏదోలా అయింది. కానీ వెనక్కి తీసుకోలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ముందుగదిలో ఊలు సంచీ కనిపించలేదు. మేడమీద పిన్ని గది గుమ్మంలో పెట్టి ఉంది.

మిగిలిన టోపీలు పిన్ని ఒక్కతే అల్లింది. ఎందుకు అల్లుతున్నానని తనను తానే ప్రశ్నించుకునేది. తడిసిన ఆ టోపీ గుర్తొస్తే సూది ముందుకు కదలదు. అయినా మాట ఇచ్చారు, పిల్లలు ఎదురు చూస్తున్నారు. చెయ్యి లాగుతుంటే గుడ్డ చుట్టుకుని మళ్ళీ మొదలుపెట్టేది.

ముందు సీటు పిల్ల బస్సెక్కడం మానేసింది. ఆమె స్టాపులో బావ రోజూ బండి ఆపుతాడు, తలుపు తెరుస్తాడు, కాసేపు చూస్తాడు, మూసేస్తాడు.

ఒక మధ్యాహ్నం షెడ్డులో అతను స్టీరింగు ముందు కూర్చునే అన్నాడు, "నేను చూశానే."

"ఏం చూశావ్ బావా?"

"అంతా. రోజూ చూస్తూనే ఉన్నా. ఇంత పెద్ద అద్దం నెత్తిమీద వేలాడుతోంది, కనపడకుండా ఎలా ఉంటుంది? నా కూతురేగా, ఇవాళ కాకపోతే రేపు మానేస్తుందిలే అనుకున్నా. రోడ్డు మీద చూపు పెట్టాలి కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా."

పిన్ని అల్లిక ఒళ్ళో పెట్టుకుంది. "నేనూ అంతే. ఎవరు చేస్తున్నారో తెలిసీ అందరినీ కలిపి కసిరాను. నాకు గది పోతుందని భయం. నీకేం భయం?"

"మీ అక్క," అన్నాడతను. ఇద్దరికీ నవ్వు రాబోయి రాలేదు.

ఆ రోజు సాయంత్రం ట్రిప్పు అయ్యాక పిన్ని ఇంటికి వెళ్ళకుండా ఆ పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ప్రతి మలుపులోనూ నిలబడి ఊపిరి తీసుకుంది. తలుపు తీసిన నర్సమ్మ డ్యూటీ బట్టల్లోనే ఉంది. ఆమె మొహం చూడగానే ఈమె కూడా నాలాగే అలిసిపోయిన మనిషి అనుకుంది పిన్ని.

"రండి. పాప చెప్పింది మీ గురించి. బస్సు పడట్లేదండీ దానికి. కడుపులో తిప్పుతోందట. అందుకే నేనే నడిపించుకుపోతున్నా."

లోపలి గది తలుపు సందులోంచి ఆ పిల్ల చూస్తోంది. అబద్ధం చెప్పినట్టు తెలిసిపోతుందేమోనని పెదవి కొరుక్కుంటోంది.

వచ్చిన దారినే వెళ్ళిపోవచ్చు. ఒంట్లో ఎలా ఉందో చూసి పోదామని వచ్చాననీ చెప్పొచ్చు. పిన్ని కుర్చీ అంచున కూర్చుంది.

"కడుపులో తిప్పడం కాదమ్మా. మా పిల్లే ఏడిపిస్తోంది. మా అక్క కూతురు. నాకు ముందే తెలుసు, నేను గట్టిగా ఆపలేదు."

నర్సమ్మ కోప్పడుతుందనుకుంది పిన్ని. ఆమె మంచినీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది.

"రేపు స్కూలుకొచ్చి ఇదే మాట చెప్తారా?"

"చెప్తాను," అంది పిన్ని. గ్లాసు ఖాళీ చేసి మెట్లు దిగింది.

మర్నాడు కౌన్సెలర్ గదిలో పిన్నీ నర్సమ్మా కూర్చున్నారు. అక్కను కూడా పిలిపించారు. పిన్ని చెప్పింది. మేడం మొహం చిన్నబోయింది. కిటికీ పక్కన టోపీల పెట్టెలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి.

"చాలా బాధగా ఉందండీ. అయితే ప్రోగ్రాం ఎల్లుండే. ఈ వారం గడవనివ్వండి, తర్వాత తీరుబడిగా మాట్లాడదాం," అంది ఆవిడ.

"ఒక్క మనిషి మాట పట్టుకుని..." అని అక్క మొదలుపెట్టింది.

"ఒక్కరు కాదు. నేనూ చూశాను," అన్నాడు బావ. అప్పటిదాకా తలుపు దగ్గర టోపీ లేని బట్టతలతో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "మేడంగారూ, మా అమ్మాయి స్టేజి ఎక్కదండీ. ఆ మాటలు చెప్పే అర్హత దానికి ఇంకా రాలేదు."

అక్క అతనివైపూ చెల్లెలివైపూ మార్చి మార్చి చూసింది. లేచి వెళ్ళిపోయింది. నర్సమ్మ ఎవరికీ కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని పిన్నికీ అనిపించలేదు.

ప్రోగ్రాం రోజున స్పీచ్ వేరే కుర్రాడు చదివాడు. మైకు కీచుమంది. ఎండలో నిలబడ్డ పిల్లల తలల మీద టోపీలు పూలతోటలా ఉన్నాయని ఎవరో అతిథి అన్నారు. పిన్ని వెనక గోడ నీడలో కూర్చుని చూసింది. ఆ రంగుల్లో ఏది ఏ సాయంత్రం అల్లిందో, ఏది అక్క కుట్లు జార్చిందో గుర్తుపట్టింది. గొప్పగా అనిపిస్తుందనుకుంది. నిద్ర వచ్చింది, అంతే. వారం తిరిగేసరికి బస్సు ఊడుస్తుంటే సీట్ల కింద టోపీలు దొరకసాగాయి. చాక్లెట్ కాగితాలతో పాటు వాటినీ ఏరి, దులిపి, సంచీలో వేసి మళ్ళీ పంచేది.

ముందు సీటు పిల్ల తిరిగి బస్సెక్కింది. నర్సమ్మ స్టాపు దాకా వచ్చి ఎక్కించింది. కానీ ఇంకో సంగతి మొదలైంది. స్పీచ్ పోయిన దగ్గర్నుంచీ వెనక సీటు వాళ్ళు చిలకను వదల్లేదు. నిన్నటిదాకా ఆమె చుట్టూ తిరిగినవాళ్ళే ఆమె కూర్చోబోతే సీటు నిండా బ్యాగులు పెట్టారు. "కత్తిగాయం మానుతుంది" అని ఒకతి గొంతు వణికిస్తూ అనేది. మిగతావాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. చిలక నోరు మొదటిసారి మూతపడింది.

ఇదొకటా ఇప్పుడు అనుకుంది పిన్ని. ఒక పక్క పూడిస్తే ఇంకో పక్క కన్నం పడుతోంది. లేచి వెనక్కి వెళ్ళింది. ఈసారి అందరినీ కలిపి కసరలేదు. ఒక్కొక్కరి ముందూ నిలబడి, పేరుపెట్టి పిలిచి, ఏం చేశారో వాళ్ళ మొహం మీదే చెప్పింది. తరువాత చిలకను ముందుకు రమ్మంది.

ముందు సీట్లో పిన్నికి ఒక చోటు, ఆ పిల్లకు ఒక చోటు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు. చిలక రావడం చూసి ఆ పిల్ల తన బ్యాగు తీసి ఆ మధ్య చోట్లో పెట్టేసింది. పిన్నికేసి సూటిగా చూసింది. తియ్యమని పిన్ని అడగలేదు. తన చోటు చిలకకు ఇచ్చి, కడ్డీ పట్టుకుని నిలబడింది. ఆ రోజూ, ఆ తర్వాత రోజులూ అలాగే నిలబడి వెళ్ళింది. మలుపుల దగ్గర మోకాలు కలుక్కుమనేది.

ఒక సాయంత్రం అక్క మేడెక్కి వచ్చింది. చేతిలో వేడినీళ్ళ సంచీ ఉంది. మాట్లాడకుండా కింద కూర్చుని చెల్లెలి మోకాలి మీద పెట్టింది.

"రోజూ నిలబడే వెళ్తున్నావట."

"ఎవరు చెప్పారు?"

"అదే చెప్పింది. దాన్ని ఏడిపిస్తున్నారనీ చెప్పింది. ఒళ్ళో పడి ఏడ్చింది," అంది అక్క. "దానికి మాటలు నేర్పాననే అనుకున్నానే. ఎదుటివాళ్ళ మాట వినడం నేర్పలేదు. ఎక్కడ తప్పిందంటావ్?"

"ఏమో అక్కా. నాకూ తెలీదు."

"ఆ రోజు నిన్ను అనకూడని మాట అన్నాను."

"అన్నావ్," అంది పిన్ని. పరవాలేదని మాత్రం అనలేదు. వేడి మోకాల్లోకి దిగుతుంటే కళ్ళు మూసుకుంది. అక్క సంచీని రెండో మోకాలి మీదకు మార్చింది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున, ఆ పిల్ల బస్సెక్కి కూర్చోగానే, చిలక ఆమెవైపు తిరిగింది. స్పీచ్ గొంతు కాదది. సన్నగా, తడబడుతూ వచ్చింది.

"నేను చేసింది తప్పు. సారీ. నువ్వు ఏమన్నా అను, పడతాను."

ఆ పిల్ల నోరు తెరిచింది. "బ్... బ్..." అని ఆగిపోయింది. మెడ నరాలు బిగిశాయి. చిలక పెదవులు కదిలాయి. ఆ మాట తను పూర్తిచేద్దామన్నట్టు. పిన్ని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చిలక నోరు మూసుకుని ఆగింది. బావ గేరు వేయలేదు. వెనకాల కారువాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. బస్సులో ఎవరూ చప్పుడు చెయ్యలేదు.

"బ్... బ్యాగు తియ్యను," అంది ఆ పిల్ల.

"సరే," అంది చిలక.

"ఇ... ఇప్పుడే తియ్యను."

"సరే. నీ ఇష్టం."

బావ బండి కదిలించాడు. పిన్ని కడ్డీని రెండో చేత్తో కూడా పట్టుకుని, వచ్చే స్టాపు కోసం కిటికీలోంచి చూస్తూ నిలబడింది.